ఇన్ని కుండలెందుకు తాతయ్యా?

కుండలు చూసి చూసి విసుగెత్తిందని చెప్పడానికి అంత మొహమాటమెందుకు అమ్మలూ? ఏథెన్స్ వెళ్ళొచ్చిన చాలామంది ఆ మాటే అంటారు. అక్కడి జాతీయ పురావస్తు మ్యూజియంలో కింది అంతస్తులో బంగారు ముసుగులు, కంచు విగ్రహాలు, చలువరాతి శిల్పాలు. వాటిని నోరు తెరుచుకుని చూస్తారు. మెట్లెక్కి పైకి వెళ్ళేసరికి గది తరవాత గది, అద్దాల బీరువా తరవాత బీరువా, అన్నిటా కుండలే. మొదటి బీరువా ముందు నిలబడి ప్రతి చీటీ చదువుతారు. పదోదాన్ని నడుస్తూ చూస్తారు. ఆ తరవాత కాఫీ ఎక్కడ దొరుకుతుందా అని చూస్తారు. రోమ్‌లోనూ అంతే, కైరోలోనూ అంతే, మన మ్యూజియాల్లోనూ అంతే.

ఈ అలసటని శాస్త్రవేత్తలు వందేళ్ళకు పైగా పట్టించుకుంటున్నారు. 1916లో బోస్టన్ లలితకళల మ్యూజియంలో పనిచేసే బెంజమిన్ ఐవ్స్ గిల్మన్ ఒక వ్యాసం రాశాడు. ఒక మనిషిని బీరువాల ముందు నిలబెట్టి, ఫలానా వస్తువు గురించి ఫలానా ప్రశ్నకి జవాబు చూసి చెప్పమని అడిగి, ఆ చూసేటప్పుడు ఫొటోలు తీయించాడు. ఆ ఫొటోల్లో మనిషి నడుం వంచి, మోకాళ్ళు మడిచి, మెడ సాచి నానా అవస్థలూ పడుతుంటాడు. అలా వంగి వంగి చూడాల్సొస్తే చూపు మొక్కుబడిగా మారిపోతుందని గిల్మన్ బాధ. తరవాత 1928లో ఎడ్వర్డ్ రాబిన్సన్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞుడు ఇంకో మెట్టు ముందుకెళ్ళి, హాయిగా కూర్చుని బొమ్మలు చూసేవాళ్ళలో కూడా ఆసక్తి క్రమంగా తగ్గిపోతుందని చూపించాడు. అంటే కాళ్ళ నొప్పి ఒక్కటే కారణం కాదు. ఒకే రకం వస్తువు వరసగా ఎదురైతే మెదడు దాన్ని కొత్త విషయంగా లెక్కపెట్టడం మానేస్తుంది. కనక నీ విసుగులో తప్పేమీ లేదు. నన్నడిగితే ఆ వరసలు పేర్చినవాళ్ళది కొంత తప్పు. ‘జాడీ, ఎర్రమట్టి, క్రీ.పూ. 6వ శతాబ్దం’ అని చీటీ అంటించి ఊరుకుంటే, చూసేవాళ్ళకి ఆ జాడీతో ఏం పని?

కానీ నువ్వడిగిన ప్రశ్న నాకు చాలా నచ్చింది. ఇన్ని కుండలెందుకు? ఆ ప్రశ్న అడిగినవాళ్ళే పురావస్తు శాస్త్రాన్ని మలుపు తిప్పారు. ఇలా కూర్చో, తమ్ముణ్ణి కూడా పిలువు, చెప్తాను.

మొదటి జవాబు తేలిక. మిగిలినవి అవే గనక. బంగారాన్ని ఎవరూ పారెయ్యరు, కరిగించి ఇంకో నగ చేయించుకుంటారు. కంచు విగ్రహాల్ని కరిగించి ఆయుధాలో నాణేలో పోసుకున్నారు. ఇనుము తుప్పు పడుతుంది, కలపకి చెద పడుతుంది, బట్ట మట్టిలో కలిసిపోతుంది. కుండ మాత్రం పగులుతుంది గానీ పోదు. పగిలిన పెంకు దేనికీ కొరగాదు కాబట్టి దొంగ కూడా ముట్టుకోడు. ఇవాళ కడవ పగిలితే రేపు కొత్త కడవ కావాలి. కుమ్మరి చేస్తూనే ఉండాలి, ఇల్లాలు పారేస్తూనే ఉండాలి. వేల ఏళ్ళు ఇలా సాగితే ఊరి దిబ్బలో ఏముంటుందో నువ్వే చెప్పు.

పోదు అన్నానే, అదెందుకో చూద్దాం. బంకమట్టి రేణువులు మామూలు సూక్ష్మదర్శినికి కూడా సరిగా చిక్కనంత చిన్న పలకలు. సిలికాన్, అల్యూమినియం, ఆక్సిజన్ పరమాణువులు అల్లుకున్న పొరలవి. వాటి మధ్య నీళ్ళుంటే ఒకదాని మీద ఒకటి జారతాయి. అందుకే సారె మీద కుమ్మరి వేలు ఎటు నొక్కితే మట్టి అటు ఒదుగుతుంది. నీడన ఆరబెడితే ఆ నీళ్ళు పోయి పలకలు దగ్గరవుతాయి, కుండ కాస్త కుదించుకుంటుంది. ఇంతవరకూ జరిగిందంతా వెనక్కి తిప్పొచ్చు. ఆరిన పచ్చికుండని నీళ్ళలో వేస్తే మళ్ళీ బురదే. ఆవంలో వేడి 500 డిగ్రీల సెల్సియస్ ప్రాంతానికి వచ్చినప్పుడు అసలు మార్పు మొదలవుతుంది. పలకల అల్లికలోనే, ఆక్సిజన్-హైడ్రోజన్ జంటల రూపంలో దాగిన నీరు విడిపోయి బయటికొస్తుంది. కేయొలిన్ అనే తెల్లమట్టిలో ఇలా పోయే నీరు బరువులో దాదాపు 14 శాతం. అది పోగానే పాత అల్లిక చెదిరిపోతుంది. ఇంకా కాలిస్తే రేణువుల అంచులు మెత్తబడి ఒకదానికొకటి అతుక్కుంటాయి. ఆ తరవాత ఎంత నానబెట్టినా అది బంకమట్టి కాదు, కాలిన దోసె మళ్ళీ పిండి కానట్టే.

మనిషి ఒక పదార్థాన్ని మళ్ళీ వెనక్కి రాని ఇంకో పదార్థంగా మార్చిన తొలి పనుల్లో ఇదొకటి. అది ఎంత పాతదో తెలుసా? చైనాలో షియాన్‌రెన్‌డాంగ్ అనే గుహలో దొరికిన కుండపెంకులు సుమారు 20,000 ఏళ్ళ నాటివని 2012లో ప్రకటించారు. అప్పటికి వ్యవసాయం లేదు. వేటాడి, ఏరుకు తినే మనుషులు కుండలు చేసుకున్నారు. ధాన్యం నిలవ చేసుకోవడానికే కుండ పుట్టిందని పుస్తకాల్లో చదువుకున్న నాకు ఈ సంగతి తెలిసిన రోజు ఎంత సంతోషం వేసిందో!

ఇప్పుడు నువ్వు ఏథెన్స్‌లో చూసిన నలుపు, ఎరుపు జాడీల దగ్గరికొద్దాం. ఆ నల్లటి నిగనిగని చూసి రంగు పూశారనుకున్నావు కదూ? అది రంగు కాదు. కుండ చేసిన మట్టికీ, ఆ నలుపుకీ మూలం ఒకే రకం మట్టి. గ్రీకు కుమ్మరులు మట్టిని నీళ్ళలో కలిపి, బరువు రేణువులు అడుక్కి దిగాక, పైన తేలిన అతి సన్నటి మట్టిని తీసి దాంతో బొమ్మలు వేసేవారు. కాల్చకముందు కుండకీ బొమ్మకీ రంగులో పెద్ద తేడా కూడా ఉండదు. తేడా అంతా ఆవంలో, మూడు విడతల్లో పుడుతుంది.

మొదట గాలి బాగా ఆడనిస్తూ 800 డిగ్రీల దాకా కాలుస్తారు. మట్టిలోని ఇనుము ఆక్సిజన్‌ని నిండుగా పట్టుకుని ఎర్రటి హెమటైట్ అవుతుంది, కుండంతా ఎరుపు. తరవాత గాలి దారులు మూసేసి, పచ్చి కట్టెలు వేసి, వేడిని 900 దాటిస్తారు. ఆవం నిండా పొగ, కార్బన్ మోనాక్సైడ్. దానికి ఆక్సిజన్ కావాలి, ఎక్కడా దొరక్క ఇనుము దగ్గరున్నదాన్నే లాక్కుంటుంది. ఇనుము నల్లటి మాగ్నటైట్ అవుతుంది, కుండంతా నలుపు. ఈ వేడికే ఆ సన్నటి మట్టి పూత కరిగీ కరగనట్టు మెత్తబడి గాజులా మూసుకుపోతుంది. మూడో విడతలో వేడి కొంచెం తగ్గించి మళ్ళీ గాలి వదులుతారు. కుండ గోడకి సన్నటి రంధ్రాలున్నాయి కాబట్టి ఆక్సిజన్ లోపలికి వెళ్ళి మళ్ళీ ఎర్రబరుస్తుంది. మూసుకుపోయిన పూతలోకి వెళ్ళలేదు. అది నల్లగానే ఉండిపోతుంది. ఒకే ఆవం, ఒకే రకం మట్టి, రెండు రంగులు! థర్మామీటరు లేదు, ఆక్సిజన్ అనే మాటే లేదు. మంట రంగూ పొగ తీరూ చూసి ఇదంతా నడిపారు. తరవాతి కాలంలో ఈ కిటుకు మరుగున పడింది. జర్మనీలో థియోడర్ షూమాన్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు 1942లో దాన్ని మళ్ళీ తెలుసుకునేదాకా ఆ నలుపు ఏమిటన్నది పండితులకి పెద్ద చిక్కుముడే.

“మనవాళ్ళకి తెలీదా తాతయ్యా?” అంటున్నాడు తమ్ముడు. తెలుసురా నాన్నా, తమ పద్ధతిలో బాగా తెలుసు. మన పొలాల్లో పెద్ద పెద్ద బండరాళ్ళు నిలబెట్టిన పాతకాలపు సమాధులుంటాయే, ఊళ్ళలో రాక్షస గుళ్ళంటారు. తెలంగాణలోనూ ఆంధ్రలోనూ వాటిని తవ్విన చోటల్లా ఒక తరహా కుండలు దొరుకుతాయి. లోపలా, మూతి దగ్గరా నలుపు, బయట కింది భాగం ఎరుపు. ఇనుప యుగం నాటివి. కుండని ఆవంలో బోర్లించి పెడితే లోపలికీ మూతికీ గాలి తగలదు, అక్కడ నలుపు నిలుస్తుంది. బయట గాలి తగిలి ఎరుపెక్కుతుంది. అలా చేసి ఉంటారని చాలామంది పరిశోధకుల మాట. ఈజిప్టులో అంతకు వేల ఏళ్ళ ముందే పైన నలుపు, కింద ఎరుపు కుండలు చేశారు. వాటి వెనకా ఇదే ఇనుము, ఇదే గాలి.

బొమ్మల జాడీల దగ్గర అందరూ కాసేపైనా ఆగుతారు. మూలన పెట్టిన మొరటు వంటకుండల దగ్గర ఎవరూ ఆగరు. నాకు మాత్రం వాటి మీదే ప్రాణం. ఆ మొరటుతనం చేతకాక వచ్చింది కాదు. వంటకుండ మట్టిలో కావాలనే ఇసకో, ఊకో, పాత పెంకుల పొడో కలుపుతారు. పొయ్యి మీద అడుగు మండిపోతుంటుంది, పైభాగం చల్లగా ఉంటుంది. అడుగు వ్యాకోచిస్తుంది, పైభాగం వ్యాకోచించదు, సన్నటి పగుళ్ళు పుడతాయి. నున్నటి మట్టిలో ఆ పగులు ఈ చివరి నుంచి ఆ చివరికి పరిగెడుతుంది. ఇసక రేణువు అడ్డొస్తే అక్కడే ఆగిపోతుంది. అడుగు గుండ్రంగా ఎందుకుంటుందనుకున్నావ్? మూల ఉంటే పగులు అక్కడే మొదలవుతుంది. మూలే లేకుండా చేశారు. ఈసారి ఏ మ్యూజియానికి వెళ్ళినా అందమైన జాడీని చూశాక, పక్కన మసిబారిన వంటకుండ ఉందేమో వెతుకు.

ఆ వంటకుండ ఏం వండిందో కూడా చెప్తుంది. మీ నాయనమ్మ చిన్నప్పుడు పాలు కాచే దుత్తని ఎంత తోమినా ఆ వాసన పోయేది కాదట. కారణం, పూత లేని కుండ గోడలో ఉండే సన్నటి రంధ్రాల్లోకి కొవ్వు ఇంకిపోతుంది. అక్కడికి నీరు గానీ సూక్ష్మజీవులు గానీ తేలిగ్గా చేరలేవు. అందుకే కొవ్వు ఆమ్లాలు వేల ఏళ్ళయినా నిలుస్తాయి. ఇంగ్లండులోని బ్రిస్టల్ విశ్వవిద్యాలయంలో రిచర్డ్ ఎవర్‌షెడ్, ఆయన సహచరులు పెంకులో చిన్న ముక్క నూరి, కొవ్వుని బయటికి తీసి, అందులో రెండు రకాల కార్బన్ పరమాణువుల పాళ్ళు కొలిచారు. ఆవు పొదుగులో పాలకొవ్వు తయారయ్యే తీరు వేరు, ఒంట్లో మాంసంకొవ్వు తయారయ్యే తీరు వేరు. ఆ తేడా స్టియరిక్ అనే కొవ్వు ఆమ్లంలోని కార్బన్‌లో కనిపిస్తుంది. ఇలా రెండువేలకు పైగా కుండల పెంకుల్ని పరీక్షించి, ఇప్పటి టర్కీ వాయవ్య భాగంలో క్రీ.పూ. 7వ సహస్రాబ్దిలోనే పాలు వాడారని 2008లో చెప్పారు.

పోలండ్‌లో నిండా చిల్లులున్న పెంకులు దొరికేవి. సుమారు 7,000 ఏళ్ళ నాటివి. పీటర్ బోగుకి అనే పురావస్తు శాస్త్రజ్ఞుడు 1980లలోనే అవి జున్ను వడగట్టే జల్లెళ్ళని ఊహించాడు. నమ్మడానికి రుజువు లేదు. 2012లో ఆ పెంకుల్లోంచి పాలకొవ్వు బయటపడింది. ఇందులో పెద్ద సంగతి ఇంకోటుంది. ఆ కాలపు పెద్దవాళ్ళలో చాలామందికి పాలు అరిగేవి కావు, లాక్టోజ్ అనే చక్కెరని జీర్ణం చేసుకునే శక్తి పెద్దయ్యాక పోయేది. పాలు విరగ్గొట్టి వడగడితే లాక్టోజ్‌లో చాలా భాగం నీటితో పోతుంది. అంటే ఆ చిల్లుల కుండ పాలని అందరికీ పనికొచ్చే తిండిగా మార్చిన సాధనం. బీరువాలో ఆ పెంకుని చూస్తే మాత్రం ఎవరైనా పక్కకి తప్పుకుంటారు!

ఇక రోమ్ సంగతి. నువ్వు రోమ్ వెళ్తే కొలోసియం చూసి వచ్చేస్తావు, నాకు తెలుసు. టైబర్ నది దగ్గర మోంటె టెస్టాచియో అనే గుట్ట ఉంది, అది కూడా చూడు. ఎత్తు సుమారు 35 మీటర్లు, పైన గడ్డి, చెట్లు. అది కొండ కాదు, మొత్తం జాడీ పెంకులే. అయిదు కోట్లకు పైగా జాడీల పెంకులని అంచనా. ఎక్కువ భాగం ఇప్పటి దక్షిణ స్పెయిన్ నుంచి ఆలివ్ నూనె తెచ్చిన జాడీలు. ఒక్కోటి ఖాళీగానే 30 కిలోల బరువు, దాదాపు 70 లీటర్లు పడుతుంది. నూనె ఇంకిన జాడీ కంపుకొడుతుంది, ఇంకోదానికి పనికిరాదు. అందుకని పగలగొట్టి వరసగా పేర్చి, కంపు రాకుండా సున్నం చల్లేవారు. జర్మన్ పండితుడు హైన్‌రిక్ డ్రెసెల్ 1870లలో ఆ పెంకుల్ని పట్టి చూస్తే వాటి మీద సిరాతో రాతలు! ఖాళీ జాడీ బరువు, లోపలి నూనె బరువు, వర్తకుడి పేరు, అధికారి తనిఖీ. ఒక మహానగరం నూనె లెక్కలు ఏ పుస్తకంలోనూ మిగల్లేదు, చెత్తకుప్పలో మిగిలాయి.

ఏథెన్స్‌లో పెంకుల మీద ఓట్లు కూడా వేసేవారు. ఎవరైనా నాయకుడు మరీ బలిసిపోతున్నాడనుకుంటే, పౌరులు పెంకు మీద అతని పేరు గీకి వేసేవారు. అలా వెలి పడితే పదేళ్ళు ఊరు విడిచిపోవాలి. 1937లో అక్కడి అక్రోపొలిస్ కొండ ఉత్తరపు వాలులో ఒక బావిలో 190 పెంకులు దొరికాయి. దాదాపు అన్నిటి మీదా ఒకటే పేరు, థెమిస్టొక్లీస్. పర్షియన్ల మీద సలమిస్ నౌకాయుద్ధం గెలిపించినవాడు. తీరా చేతిరాతలు పోల్చి చూస్తే ఆ 190 రాసినవాళ్ళు 14 మందే! ముందే రాసి పంచడానికి సిద్ధం చేసుకున్నారన్నమాట. ఓట్లలో ఇలాంటివి ఇప్పటి సంగతులనుకుంటాం.

కాలం తేల్చడంలో పెంకుకున్న శక్తి మనకి దగ్గర్లోనే కనిపించింది. పుదుచ్చేరి పక్కన అరికమేడులో 1945లో మార్టిమర్ వీలర్ అనే పురావస్తు శాస్త్రజ్ఞుడు తవ్వించాడు. అక్కడ ఇటలీలోని అరెజ్జోలో చేసిన ఎర్రటి పాత్రల ముక్కలు దొరికాయి. అవి ఏ కాలంలో చేశారో ఇటలీలో బాగా తెలుసు, క్రీస్తు శకం మొదటి శతాబ్దం సగానికల్లా ఆగిపోయాయి. కనక అదే పొరలో వాటితోపాటు దొరికిన మన పాత్రలకీ కాలం తెలిసిపోయింది. చుట్టూ సన్నటి చుక్కల గీతలున్న పళ్ళేలు అలాంటివే. మన శాలిహుండంలోనూ ధరణికోటలోనూ ఆ పళ్ళేల ముక్కలే దొరికాయి. శాసనం లేకపోయినా పెంకు సాక్ష్యం చెప్పింది.

శాసనమూ లేదు, నాణెమూ లేదు, పొరలూ లేవు, అప్పుడో? ఇక్కడే నీ ప్రశ్నకి అసలు జవాబు. ఈజిప్టులో నఖాడా దగ్గర 1894-95లో ఫ్లిండర్స్ పెట్రీ అనే పురావస్తు శాస్త్రజ్ఞుడు రెండువేలకు పైగా సమాధులు తవ్వాడు. ఫారోల కన్నా ముందువి. రాజుల పేర్లు లేవు, రాతలు లేవు. సమాధులు పక్కపక్కన ఉంటాయి కాబట్టి ఏది ముందో ఏది వెనకో పొరలూ చెప్పవు. ఉన్నవల్లా కుండలు. ఇంకొకరైతే మంచివి నాలుగు ఏరుకుని ఇంటికెళ్ళేవారు. పెట్రీ సుమారు 900 సమాధుల్ని ఎంచుకుని, ఒక్కో సమాధికి ఒక్కో అట్టముక్క కత్తిరించి, అందులో ఏయే రకం కుండలున్నాయో రాసుకున్నాడు.

కొన్ని జాడీలకి అలల్లా వంకర్లు తిరిగిన పిడులున్నాయి. పొట్ట బలిసిన జాడీలకి పట్టుకుని ఎత్తడానికి వీలైన గట్టి పిడులు. సన్నటి జాడీలకి పిడి చిన్నదైంది. మరీ సన్నటివాటికి అది అలల గట్టుగా మిగిలింది, చివరికి ఉత్త గీత. ఎందుకూ పనికిరాని గీతని ఎవరూ కొత్తగా కనిపెట్టి, దాన్నుంచి పిడి పుట్టించరు. కనక పిడి ముందు, గీత వెనక. ఇది తేలగానే కాలం ఏ దిక్కున నడిచిందో తెలిసిపోయింది. ఇక ఏ కుండ ఏ కుండతో కలిసి పడుకుందో చూస్తూ అట్టముక్కల్ని ముందుకీ వెనక్కీ జరిపి, మొత్తం సమాధుల్ని ఒక వరసలో నిలబెట్టాడు. నాలుగు కుండలుంటే ఈ పని జరగదు. వందల సమాధుల్లో అవే రకాలు మళ్ళీ మళ్ళీ, కొంచెం కొంచెం మారుతూ కనిపిస్తేనే జరుగుతుంది. నిన్ను విసిగించిన ఆ పునరుక్తే పెట్రీకి గడియారమైంది. 20వ శతాబ్దంలో డేవిడ్ కెండల్ అనే గణిత శాస్త్రజ్ఞుడు ఈ పద్ధతిని సూత్రాల్లో పెట్టి, కంప్యూటరు మీద చేసి చూపించాడు.

పెట్రీ తన వరసకి అంకెలు వేశాడు గానీ 1 నుంచి మొదలుపెట్టలేదు. 30 నుంచి 80 దాకా వేశాడు. ముందు ముందు ఇంతకన్నా పాతవి దొరుకుతాయి, వాటికి చోటుండాలని మొదటి 29 అంకెలూ ఖాళీగా వదిలేశాడు. 1920లలో గై బ్రంటన్ బృందం బదారీ దగ్గర తవ్వితే నిజంగానే నఖాడాకన్నా పాత సమాధులు బయటపడ్డాయి. వాటిలోని కుండలకి పల్చటి గోడలు, ఒంటి నిండా సన్నటి గీతలు, పైన నలుపు కింద ఎరుపు. వాటికి ఆ ఖాళీ అంకెల్లోనే చోటు దొరికింది.

పెట్రీ పోగుచేసినవాటిలో చాలా వస్తువులు లండన్ యూనివర్సిటీ కాలేజీలో ఆయన పేరుతో ఉన్న చిన్న మ్యూజియంలో ఉన్నాయి. వచ్చే సెలవుల్లో మీ అత్తయ్య దగ్గరికి లండన్ వెళ్తానన్నావుగా. అన్నీ చూడక్కర్లేదు. అలల పిడుల జాడీలు ఎక్కడున్నాయో అడిగి, లావుపాటివాటి నుంచి సన్నటివాటి దాకా నడిచి, పిడి ఎక్కడ గీతైపోయిందో నీ కంటితో చూసి నాకు ఫోన్ చెయ్యి.